దసరా సెలవుల్లో ట్రౌట్ వేట: నెల్లూరు నుంచి కార్లోనే వెళ్లాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, రొయ్యల సాగు. సెప్టెంబరు చివరికి పట్టుబడి అయిపోతుంది. దసరాకి ఆరు రోజులు తీరిక చేసుకోగలను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన కొక్కెంతో చేపలు పట్టడం) వీడియోలు చూసి, ట్రౌట్ అనే చల్లనీళ్ల చేపను పట్టడానికి కార్లో వెళ్దాం మామయ్యా అని ఒకటే పోరు. వాడు, నేను, మా బావమరిది, ముగ్గురం మా ఇన్నోవాలో బయల్దేరాలని ఆలోచన. చిన్నప్పటి నుంచి కాలవల్లో గాలం వేసినవాణ్ణే గానీ ఫ్లై రాడ్ ఎన్నడూ పట్టలేదు. కొందరు ఊటీ అంటున్నారు, కొందరు హిమాచల్ అంటున్నారు. అసలు మన పెంచలకోన, భైరవకోన లాంటి చోట్ల ఆ చేప ఎందుకు లేదు? ఏం కొనాలి, ఎక్కడ నేర్చుకోవాలి? బావమరిదికి మోకాళ్ల నొప్పులు. పట్టిన చేపను వదిలేసి వస్తామంటే ఇంట్లో నవ్వుతున్నారు.

సమాధానం: ముందే తేల్చి చెప్పేస్తాను. ఇన్నోవాను ఇంట్లోనే ఉంచండి. చెన్నై వెళ్లి విమానం ఎక్కండి, చండీగఢ్‌లో దిగి కారు మాట్లాడుకోండి, హిమాచల్ ప్రదేశ్ కులూ జిల్లాలోని తీర్థన్ లోయకు వెళ్లండి. ఆ ఒక్క నది దగ్గరే ఉండి తిరిగి రండి. మీ మేనల్లుడికి కారు ప్రయాణం ముచ్చట ఉంటే చండీగఢ్ నుంచి కొండదారి ఎలాగూ ఉంది, ఆ సరదా అక్కడ తీరుతుంది. నెల్లూరు నుంచి తీర్థన్‌కు రోడ్డు మీద రమారమి రెండున్నర వేల కిలోమీటర్లు. ఆరు రోజులూ స్టీరింగుకే సరిపోతాయి, చేపను చూడ్డానికి పూట కూడా మిగలదు. రైలైనా అంతే. నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్కితే ఢిల్లీకే ఒకటిన్నర రోజు పడుతుంది.

పెంచలకోన సంగతి ముందు చూద్దాం. రొయ్యల రైతుకి ఇది చెప్పడం తేలిక. తెల్లవారుజామున గుంట గట్టు మీద, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు మూడు చూపిస్తే మీకు నిద్ర ఎగిరిపోతుంది కదా. ట్రౌట్‌కి ఆ టెన్షన్ అంతకు రెట్టింపు అంకె దగ్గరే మొదలవుతుంది. మంచినీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉంటే గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. అవే నీళ్లు 10 డిగ్రీలకు చల్లబడితే 11 దాటుతుంది. మీరు పెంచే వన్నామి రొయ్యకు 28 నుంచి 32 డిగ్రీలు హాయి అయితే, ట్రౌట్‌కి 10 నుంచి 18. నీళ్లు 20 దాటాయంటే మేత మీద ధ్యాస తగ్గుతుంది, 25 దగ్గరికి వచ్చేసరికి ప్రాణం మీదికి వస్తుంది. పెంచలకోనలో, భైరవకోనలో జలపాతం కింద నిలబడితే మనకు ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ మే నెలలో అక్కడ మిగిలే మడుగుల్ని తలుచుకోండి. లంబసింగి గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అక్కడి చలి జనవరి తెల్లవారుజాముల చలి. ట్రౌట్‌కి ఏడాది పొడుగునా చల్లటి నీళ్లు కావాలి, అవీ పారే నీళ్లయి ఉండాలి. సోమశిల, కండలేరు జలాశయాల్లో బొచ్చె, శీలావతి దర్జాగా పెరుగుతాయి. ట్రౌట్‌ని వదిలితే ఒక్క వేసవి దాటదు.

ఇక ఊటీ. ట్రౌట్ ఉన్న మాట వాస్తవం. మన దేశంలో ఎక్కడున్న ట్రౌట్ అయినా బయటి నుంచి తెచ్చి వదిలిన చేపే. నీలగిరుల్లో 1860ల్లోనే ఫ్రాన్సిస్ డే అనే ఆయన ప్రయత్నించాడు, ఫలించలేదు. తర్వాత హెచ్.సి. విల్సన్ పట్టుబట్టి 1907లో అవలాంచి దగ్గర హేచరీ పెట్టించాక రెయిన్‌బో ట్రౌట్ ఆ కొండ వాగుల్లో నిలదొక్కుకుంది. ముకుర్తి, అప్పర్ భవాని, అవలాంచి వైపు నీళ్లు అవే. ఇబ్బంది చేప దగ్గర లేదు, అనుమతి దగ్గర ఉంది. ఆ నీళ్లలో ఎక్కువ భాగం జాతీయ పార్కులోనో, అటవీశాఖ రిజర్వులోనో ఉన్నాయి. చేతిలో రాతపూర్వకంగా అనుమతి లేకుండా రాడ్ పట్టుకుని వాగులో దిగితే అది అడవిలో అక్రమంగా వేటాడినట్టే లెక్క. ‘నేను చూసుకుంటాను సార్’ అనే హోటల్ కుర్రాడి మాట అక్కడ చెల్లదు. ఊరి మధ్యలో బోటు షికారు చేసే చెరువులోనైతే ట్రౌట్‌ను అసలే ఆశించకండి.

దారి కూడా అనుకున్నంత దగ్గర కాదు. తిరుపతి, చిత్తూరు, వేలూరు, కృష్ణగిరి, సేలం, అవినాశి, మెట్టుపాళయం మీదుగా ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. పన్నెండు పదమూడు గంటలు పడుతుంది. పైగా 2024 మే నుంచి నీలగిరి జిల్లాకు బయటి బండి వెళ్లాలంటే ఈ-పాస్ తీసుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు బండిలో ఉంటే చెక్‌పోస్టులో తీసేసుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, మీరు చెప్పిన దసరా రోజులు, అంటే అక్టోబరు. మనకు వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే కూనూరు ఘాటు మీదా కురుస్తాయి, కొండచరియలు విరిగిపడేది ఎక్కువగా ఆ నెలల్లోనే. ఇంటిల్లిపాదీ ఊటీ చూడాలనుకుంటే నిక్షేపంగా వెళ్లండి. ట్రౌట్ కోసమే అయితే, ముందు నీలగిరి జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికీ అటవీశాఖకూ రాసి, జవాబు చేతికి వచ్చాకే టికెట్ల మాట ఎత్తండి. దసరా లోపు అది తేలుతుందని నేను అనుకోను. మున్నార్ కొండల్లోనూ ట్రౌట్ ఉంది. అక్కడా ఇదే తంతు, కాకపోతే దారి ఇంకా దూరం.

హిమాచల్‌లో ఈ గొడవ లేదు. ఆ రాష్ట్ర మత్స్యశాఖ ట్రౌట్ నదుల్లో గాలం వేయడానికి రోజువారీ లైసెన్సు ఇస్తుంది. ఫీజు పెద్ద మొత్తమేమీ కాదు. మీరు దిగే గెస్ట్‌హౌస్ వాళ్లే ఎక్కడ రాయించుకోవాలో చెప్పి పంపిస్తారు. లైసెన్సులో చేపల సంఖ్య, సైజు నిబంధనలు ఉంటాయి, చదువుకోండి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా వేట బంద్. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఆ చలికాలంలోనే, అందుకని. దసరా అక్టోబరు చివరికి జరిగే ఏడాదైతే ఈ గడువు గుర్తుపెట్టుకోండి. కశ్మీరుకు 1900లో స్కాట్లండ్ నుంచి గుడ్లు వచ్చాయి, అక్కడి నుంచి 1909లో కులూ లోయకు తెచ్చారు. ఇప్పుడు తీర్థన్‌లో బ్రౌన్, రెయిన్‌బో రెండూ పడతాయి. ఒంటి మీద లేత అంచున్న ఎర్రచుక్కలుంటే బ్రౌన్. పక్క పొడుగునా గులాబీ చార ఉండి, తోక మీద కూడా నల్లచుక్కలుంటే రెయిన్‌బో.

కశ్మీరులో లిద్దర్, బ్రింగి నదులు ఇంకా గొప్ప నీళ్లే. కానీ అక్కడ సీజన్ సెప్టెంబరుతో ముగిసిపోతుంది, మీకు కుదరదు.

అక్టోబరు తీర్థన్‌కి ఎందుకు మంచిదంటే, జులై నుంచి సెప్టెంబరు సగం దాకా వానలకు బురదెక్కి పారిన నీళ్లు అప్పటికి తేటపడతాయి, మట్టం తగ్గుతుంది. రాళ్ల మధ్య అడుగు కనిపిస్తుంది. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్లు ఉద్ధృతంగా ఉంటాయి, దానికి తోడు ఉత్తరాది వేసవి సెలవుల జనం. మీకు కుదిరిన నెలే అన్నిటికన్నా మేలైన నెల కావడం అదృష్టం.

ప్రయాణం ఇలా పెట్టుకోండి. మొదటి రోజు తెల్లవారుజామునే నెల్లూరులో బయల్దేరితే చెన్నై విమానాశ్రయానికి మూడున్నర, నాలుగు గంటలు. చండీగఢ్‌కి నేరుగా విమానం దొరక్కపోతే ఢిల్లీ మీదుగా పట్టుకోండి. మేనల్లుడిని నెల్లూరు రప్పించకండి, వాణ్ణి బెంగళూరు నుంచే చండీగఢ్ రమ్మనండి. ఆ సాయంత్రం కొండ ఎక్కొద్దు. అక్కడే పడుకుని రెండో రోజు పొద్దున ఐదింటికి బయల్దేరండి. కిరత్‌పూర్, బిలాస్‌పూర్, సుందర్‌నగర్, మండీ, పండోహ్, ఔట్. ఔట్ దగ్గర పొడవాటి సొరంగం వస్తుంది. దానిలో దూరకుండా, దానికి ముందే లార్జీ, బంజార్ వైపు తిరగాలి. అక్కడి నుంచి దారి ఇరుకు. బంజార్ దాటాక గుశైనీ దాకా నది పక్కనే వెళ్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకు చేరి, లైసెన్సు పని చూసుకుని, సాయంత్రం ఒక గంట నీళ్ల దగ్గర కూర్చోవచ్చు. మూడో రోజు, నాలుగో రోజు పూర్తిగా నదికే. ఐదో రోజు మధ్యాహ్నం దిగి రాత్రికి చండీగఢ్, ఆరో రోజు ఇల్లు. మండీ నుంచి ఔట్ దాకా చరియలు పడి గంటల తరబడి బండ్లు ఆగిపోయే దారి, అందుకే ఐదో రోజు రాత్రి విమానం మాత్రం పెట్టుకోవద్దు. కులూ పక్కనే భుంతర్‌లో చిన్న విమానాశ్రయం ఉంది. మబ్బు పడితే అక్కడ విమానాలు రద్దవుతాయి, దాన్ని నమ్ముకోకండి.

ఇంకో మాట. కులూలో దసరా మన విజయదశమి రోజున మొదలై ఏడు రోజులు సాగుతుంది. ఊళ్ల నుంచి దేవతలను పల్లకీల్లో మోసుకుని వస్తారు. మీ దారి ఔట్ దగ్గరే మళ్లిపోతుంది కాబట్టి ఆ రద్దీ మీకు తగలదు. కానీ లోయ అంతటా గదులు నిండిపోతాయి, ఆగస్టులోనే మాట్లాడి పెట్టుకోండి. మేనల్లుడు మనాలీ, రోహ్తాంగ్, అటల్ టన్నెల్ అని జాబితా తీస్తాడు. ఒప్పుకోకండి. రెండు రోజుల్లో రెండు నదులు తిరిగితే ఏ నదీ అర్థం కాదు. ఒకే మడుగు దగ్గర పొద్దునా సాయంత్రం కూర్చుంటేనే చేప ఎక్కడ నిలబడుతుందో, ఎప్పుడు పైకి లేస్తుందో తెలుస్తుంది.

లార్జీ పేరు మన తెలుగువాళ్లకు మరిచిపోలేని పేరు. 2014 జూన్ 8న అక్కడి డ్యాం నుంచి ఉన్నట్టుండి వదిలిన నీళ్లలో, కింద థలౌట్ దగ్గర బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. మీరు వెళ్లేది ఆ దారినే. బియాస్ ఒడ్డున టీ తాగండి, కాలు మాత్రం పెట్టకండి. తీర్థన్ మీద అలాంటి పెద్ద డ్యాం లేదు. అయినా పైన కొండల్లో గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి. తేటగా ఉన్న నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చేప కొక్కేన ఉన్నా సరే తెంపేసి గట్టెక్కండి.

ఇప్పుడు అసలు పని, విసరడం. మీకు తెలిసిన గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లై అంటే ఈకలు, బొచ్చు, దారంతో పురుగులా కట్టిన చిన్న కొక్కెం. దానికి బరువే ఉండదు. అందుకని ఇక్కడ లైనే లావుగా, బరువుగా ఉంటుంది. మీరు విసిరేది లైనును, ఫ్లై దాని వెంట పోతుంది. లైను మీద ఉండే ‘5’ లాంటి అంకె ఆ బరువునే చెబుతుంది. ఐదో నంబరు లైనులో మొదటి ముప్పై అడుగులు తొమ్మిది గ్రాములు తూగుతాయి. రాడ్ మీద కూడా అదే అంకె ఉండాలి. మీకు తొమ్మిది అడుగుల, ఐదో నంబరు రాడ్ చాలు, నాలుగు ముక్కలుగా విడిపోయేది తీసుకోండి. నీళ్ల మీద తేలే లైను, దాని చివర తొమ్మిది అడుగుల సన్నటి లీడరు, ఆ చివర ఫ్లైని కట్టే కొస దారం, 5ఎక్స్ టిప్పెట్. రీలు గురించి ఎక్కువ ఖర్చు పెట్టకండి, ఈ సైజు వాగులో అది లైను చుట్టుకునే డబ్బా మాత్రమే. ముగ్గురికీ మూడు సెట్లు కూడా కొనకండి. ఒకటి కొని మీరూ బావమరిదీ దానితో నేర్చుకోండి, మిగతావి అక్కడ గైడ్ దగ్గర అద్దెకు అడగండి. గైడ్‌ను మాత్రం తప్పకుండా పెట్టుకోండి, కనీసం మొదటి రోజుకైనా.

డబ్బు పెట్టాల్సింది పోలరాయిడ్ కళ్లద్దాల మీద. నీటి మీది మెరుపును కోసేసి లోపల చేపను చూపిస్తాయి, వెనక నుంచి ఎగిరొచ్చే కొక్కెం నుంచి కంటినీ కాపాడతాయి.

ఈ రోజు నుంచి దసరా దాకా ఇంటి దగ్గరే సాధన చేయండి. మీ గుంట గట్టు మీద మాత్రం వద్దు. ఏరియేటర్ల కేబుళ్లు, పైన కరెంటు తీగలు ఉంటాయి, ఈ రాడ్లేమో కార్బన్‌వి. వాటిలో నుంచి కరెంటు పారుతుంది. తొమ్మిది అడుగుల రాడ్ ఎత్తి వెనక్కి విసిరితే తీగను తాకడానికి క్షణం పట్టదు. స్కూలు గ్రౌండు గానీ, గడ్డి ఉన్న బీడు గానీ మంచిది. ఇసుక, కంకర లైను పైపూతను గీరేస్తాయి కాబట్టి మైపాడు బీచ్ కూడా వద్దు. కొక్కేనికి బదులు రంగు ఊలు ముక్క కట్టండి. పది మీటర్ల దూరంలో పాత సైకిల్ టైరు పడేసి దాని మధ్యలో ఊలు వాలేటట్టు చూడండి.

రాడ్‌ను గడియారం ముల్లు అనుకుంటే, అది పదింటి నుంచి ఒంటిగంట దాకానే తిరగాలి. ముందు నుంచి వెనక్కి చురుగ్గా ఎత్తి, ఒంటిగంట దగ్గర టక్కున ఆపాలి. ఆపి ఆగాలి. వెనక లైను పూర్తిగా సాగేదాకా ఆగాలి. గాలం అలవాటున్న చేతికి ఈ ఆగడమే కష్టం, ఎప్పుడెప్పుడు ముందుకు విసురుదామా అని తొందరపడుతుంది. కొరడా ఝుళిపించినట్టు ‘ఛట్’మని చప్పుడు వచ్చిందంటే తొందరపడ్డారన్న మాట, నది దగ్గరైతే అప్పటికే ఫ్లై తెగి ఎక్కడో పడి ఉంటుంది. మొదట్లో తల తిప్పి వెనక లైనును చూసుకుంటూ చేయండి. మోచేయి ఒంటికి దగ్గరగా, మణికట్టు బిగువుగా. రోజూ ఇరవై నిమిషాలు చాలు. బలంతో విసిరేవాడికి భుజం పీకుతుంది, లైను మాత్రం కుప్పగా పడుతుంది. మీ బావమరిది మీకంటే ముందు నేర్చుకుంటే ఆశ్చర్యపోకండి. గాలం అలవాటు లేనివాళ్లకు మరిచిపోవాల్సింది తక్కువ.

చేయి కుదిరాక ఊళ్లో మంచినీళ్ల చెరువు దగ్గర తిలాపియా మీద ప్రయత్నించండి. చెరువును లీజుకు తీసుకున్న మత్స్యకార సంఘం వాళ్లను ముందు అడగండి. తిలాపియా చిన్న నింఫ్‌ను (నీళ్ల అడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన ఫ్లై) తేలిగ్గానే పడుతుంది, కొరికిన సంగతి లైను కదలికను బట్టి పట్టుకోవడం అలవాటవుతుంది. కొర్రమీను మీద నేర్చుకోకండి. కొర్రమీనుకు గట్టిగా గుంజాలి. 5ఎక్స్ టిప్పెట్ రెండు కిలోల బరువు దాకా ఆగే సన్నదారం, అలా గుంజితే పుటుక్కున తెగుతుంది. ట్రౌట్‌కి రాడ్ కొసను ఎత్తితే చాలు.

నది దగ్గరికి వెళ్లగానే రాడ్ విప్పకండి. అరచేతి వెడల్పు రాయినొకదాన్ని నీళ్లలోంచి ఎత్తి తిరగేసి చూడండి. అడుగున చదునుగా, రాయికి అంటుకుపోయి, తోక దగ్గర రెండో మూడో వెంట్రుకలున్న పురుగు పాకుతూ ఉంటుంది. పక్కనే ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకున్న ఇంకోటి ఉంటుంది. మొదటిది మేఫ్లై పిల్ల, రెండోది కాడిస్. ట్రౌట్ తినేది ఎక్కువగా వీటినే. మీ డబ్బాలో ఆ సైజుకీ ఆ రంగుకీ దగ్గరగా ఉన్నదాన్ని కట్టండి. కొక్కెం సైజు 12 నుంచి 16 నంబర్ల మధ్య ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ నింఫ్‌లు, పైన తేలడానికి ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్. ఈ నాలుగు రకాలూ తలా అరడజను ఉంటే మీకు రెండు రోజులు గడిచిపోతాయి. రంగురంగులవి యాభై రకాలు అమ్మజూపుతారు, అవి ఎక్కువగా మనుషుల్ని పట్టడానికి కట్టినవి.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. కాబట్టి మీరు దిగువ నుంచి ఎగువకు, దాని వెనక నుంచి వెళ్లాలి. వంగి నడవాలి, తెల్ల చొక్కా వేసుకోకూడదు. పెద్ద రాయి వెనక నీళ్లు నెమ్మదించే చోటు, దాన్ని ఆనుకుని వేగంగా పారే నీళ్లు, ఆ రెండిటి మధ్య గీత కనిపిస్తుంది. ఫ్లై ఆ గీతకు మూడు అడుగుల ఎగువన పడాలి. ఆరేడు మీటర్ల దూరం విసిరితే చాలు, తీర్థన్‌లో అంతకు మించి అక్కర్లేదు. ఇక్కడ అందరూ పొరపాటు పడేది లైను దగ్గర. అది వేగంగా పారే నీళ్ల మీద వాలితే ఫ్లైని ఈడ్చుకుపోతుంది. నిజమైన పురుగు నీళ్లకు అడ్డంగా అలా పరుగెత్తదు. ట్రౌట్ పైకి లేచి, చూసి, దిగిపోతుంది. అందుకే రాడ్ పైకెత్తి, లైను వీలైనంత నీళ్లకు తాకకుండా పట్టుకుని, ఫ్లైని దాని మానాన అది పోనివ్వాలి. ఒక చోట నాలుగైదు సార్లు వేసినా కదలిక లేకపోతే ఇంకో రాయి చూసుకోండి.

మీ బావమరిది మోకాళ్లకు ఈ నది కొంచెం కష్టమే. రాళ్లు గుండ్రంగా, పాచి పట్టి జారతాయి, నీళ్లు కాళ్లు తిమ్మిరెక్కేంత చల్లగా ఉంటాయి. ఆయన్ను మోకాలు దాటి దిగనివ్వకండి, చేతికి ఒక ఊతకర్ర ఇవ్వండి. గైడ్‌ని అడిగితే గట్టు మీద నుంచే వేయగలిగే మడుగులు చూపిస్తాడు. మందపాటి సాక్సు రెండు జతలు, మారు ప్యాంటు సంచిలో ఉండాలి. బూట్లు వెళ్లే ముందూ వచ్చాకా కడిగి పూర్తిగా ఎండబెట్టండి. రొయ్యల తెల్లమచ్చ రోగం ఒక గుంట నుంచి ఇంకో గుంటకు ఎలా పాకుతుందో చూసినవారికి కారణం వివరించనక్కర్లేదు. విమానంలో కొక్కేలు, కత్తెర, పటకారు చేతి సంచిలో పెట్టుకుంటే తీసేసుకుంటారు, చెకిన్ లగేజీలో వేయండి.

ఇంట్లో నవ్వుతున్నారన్నారు. నవ్వనివ్వండి, చేపలు కడిగే పని తప్పింది వాళ్లకే. వదిలేయడంలో ఏ గొప్పా లేదు, లెక్క ఉంది. చల్లటి నీళ్లలో చేప నిదానంగా ఎదుగుతుంది. వన్నామిలా నాలుగు నెలల్లో పట్టుబడికి రాదు, పళ్లెంలోకి వచ్చే సైజు కావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చినవాళ్లంతా సంచి నింపుకుని పోతే ఆ నదిలో ఏమీ మిగలదు. కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును వెళ్లకముందే పటకారుతో నొక్కేయండి. చేతులు తడుపుకునే చేపను పట్టుకోండి, పొడి చెయ్యి దాని ఒంటి మీది జిగురును ఊడబెరుకుతుంది. ఫోటో కావాలంటే మేనల్లుణ్ణి ముందే ఫోన్ తీసి ఉంచమని చెప్పి, నీళ్ల మీద రెండు మూడు సెకన్లు ఎత్తి దించేయండి. గట్టు మీద రాళ్లపై పడేసి ఫోటోలు తీసి, తర్వాత నీళ్లలో వదిలితే అది వదిలినట్టు కాదు. తల ఎగువ వైపు ఉంచి, తనంతట తాను చేతిలోంచి జారుకునేదాకా పట్టుకోండి.

తినాలని ఉంటే లోయలోనే ట్రౌట్ పెంచే రైతులు ఉన్నారు. కొండ వాగు నీళ్లను సిమెంటు తొట్లలోకి మళ్లించి పెంచుతారు. అక్కడికి తప్పకుండా వెళ్లండి, మీకు నది కంటే అదే ఎక్కువ నచ్చినా నచ్చుతుంది. నీటి మార్పిడి, మేత, చేప పిల్ల గురించి ఆ రైతుతో గంటలు గంటలు మాట్లాడతారు, భాష రాకపోయినా. కొనుక్కుని గెస్ట్‌హౌస్‌లో ఉప్పు, మిరియాలు, కాస్త వెన్నతో వేయించమనండి. పులుసు మాత్రం పెట్టించకండి. మన నెల్లూరు పులుసులోని చింతపండూ మామిడికాయా మోయగలిగిన చేపలు వేరు. ట్రౌట్ సున్నితం, ఆ ఘాటులో దాని రుచి ఆనవాలు కూడా దొరకదు.

పట్టుబడి ఆలస్యమై అక్టోబరు దాటిపోతే ఈ ఏడాదికి మానుకోండి. నవంబరులో అక్కడ వేట బంద్, ఇక్కడ తుపాన్ల కాలం, మీరు గుంటలు వదిలి కదలలేరు కూడా. మళ్లీ వీలైన రోజులు మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ సగం దాకా, మంచు కరిగి నీళ్లు పెరగకముందు. అది మీకు కొత్త సీడ్ వేసే సమయం. గుంటలు ఎండబెట్టడం పది రోజులు వెనక్కి జరపగలరా అన్నది మీరే చూసుకోవాలి. విమానం టికెట్లు, గది మాత్రం ఆ తేదీ ఖాయమయ్యాకే తీసుకోండి.